సీతామహాలక్ష్మి గారి నమస్కారం

అమీర్‌పేటలో నిలబడి సార్ అని కేకేస్తే ఫుట్‌పాత్ మీద సగం మంది వెనక్కి తిరుగుతారు. మైనస్ సార్ అని కేకేస్తే తిరిగేది మాత్రం ఒక్కడే, రాజనర్సయ్య. మైత్రీవనం వెనక సందులో, కింద టిఫిన్ సెంటరు, పైన స్పోకెన్ ఇంగ్లీషు, మధ్యలో సర్వసిద్ధి ఆటోమేషన్ అనే ఇన్‌స్టిట్యూట్. ఫ్యాక్టరీ మిషన్లను నడిపించే చిన్న కంప్యూటర్లకు ప్రోగ్రామ్ ఎలా రాయాలో, వైర్లు ఎలా కట్టాలో అక్కడ నేర్పుతారు. ప్రోగ్రామ్ చెప్పే సార్లు ఏడాదికి ఇద్దరు మారతారు. వైర్లు చెప్పే సారు మాత్రం పందొమ్మిదేళ్లుగా ఆయనే.

డిగ్రీ గిగ్రీ ఏమీ లేదు. ఐటీఐ చదివి, బాలానగర్‌లో రేకులు వంచే ఒక ప్రెస్ షాపులో ఎలక్ట్రీషియన్‌గా చేరి, ఎడమ చేతి వేళ్లు రెండు అక్కడే వదిలేసి వచ్చాడు. ఆ రోజు ప్యానెల్‌లో దీపం ఆరిపోయి ఉంది. దీపం ఆరింది కాబట్టి మిషన్ ఆగినట్టేనని సూపర్‌వైజర్ అన్నాడు, ఈయన నమ్మి చెయ్యి పెట్టాడు. లోపల ఎక్కడో ఒక వైరు ఒరుసుకుపోయి ఇనుప బాడీకి తగులుతోందని ఆస్పత్రిలో ఉండగా తెలిసింది. తెలిసి ఏం లాభం?

అప్పట్నుంచీ ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజు ఒకటే పాఠం. "చూడుండ్రి, కంప్యూటర్ మాటను వైర్లకు చేరేసే గీ మాడ్యూల్ ప్లస్ ఇయ్యదు. ప్లస్ ఎప్పుడూ రిలే కాడనే, అంటే మోటార్‌ను నడిపే స్విచ్ కాడనే, నిలవడి ఉంటది. మన మాడ్యూల్ చేసే పని మైనస్‌కు తొవ్వ తెరుసుడు, అంతే. అయితే ఆ తొవ్వ మనమే తెరవాలని ఏం లేదు. వైరు పోయి ఇనుప బాడీకి తాకినా సుత తెరుసుకుంటది. దీపం ఆఫ్ ఉన్నదని చెయ్యి పెట్టకుండ్రి. మీటర్ పెట్టుండ్రి." ఇలా అని ఎడమ చెయ్యి పైకెత్తి చూపిస్తాడు. ముందు బెంచీ వాళ్ల ఫోన్లు ఆ ఒక్క నిమిషం జేబుల్లోకి పోతాయి. ఆ పాఠం నుంచే ఆయనకు మైనస్ సార్ అని పేరొచ్చింది.

అంతటితో ఊరుకునే మనిషి కాదు. రిలే కాయిల్‌కు ఎదురు కరెంటును అడ్డుకునే డయోడు తిరగేసి పెట్టకపోతే చివాట్లు. ఫ్యూజు లేకుండా వైరు లాగితే చివాట్లు. వైరు తోలు గోరంత ఒలవమంటే బెత్తెడు ఒలిచేవాళ్లకు మరీ చివాట్లు. అలా ఎక్కువైన రాగి ముక్కలను కత్తిరించి, నేల మీద వదిలితే ఏ స్క్రూ మీద పడతాయోనని తన చొక్కా జేబులోనే వేసుకునేవాడు. ఆ జేబుతోనే అవి ఎర్రగడ్డలో ఆయన ఇంటికి చేరేవి. ఈ ముక్కలను గుర్తు పెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

ఇక ఆయన ప్రాణమంతా ల్యాబ్‌లోని బోర్డు మీద ఉంది. ప్లైవుడ్ మీద పన్నెండు బల్బులు, ఎనిమిది రిలేలు, ఒక చిన్న మోటారు, అన్నీ ఆయన చేత్తో బిగించినవే. ఇన్‌స్టిట్యూట్ యజమాని బుచ్చిబాబుకు ఆ బోర్డు కంట్లో నలుసు. దాన్ని పీకేస్తే పది కంప్యూటర్లు పడతాయి, తెర మీదే బల్బులు వెలుగుతాయి, ఎవరికీ షాకు కొట్టదు, వైర్లు చెప్పే సారు కూడా అక్కర్లేదు. ఏదైనా సాకు దొరికితే చాలని ఆయన ఎదురు చూస్తున్నాడు. రాజనర్సయ్యకు ఈ సంగతి తెలుసు. యాభై ఏడేళ్ల వయసులో, ఎనిమిది వేళ్లతో, కొత్త పని ఎవడిస్తాడని ఆయనకు లోపల గుబులుగానే ఉండేది.

అలాంటి రోజుల్లో పంజాగుట్ట నుంచి బొమ్మ పని వచ్చింది.

అక్కడ సీతామహాలక్ష్మి సిల్క్స్ అని మూడంతస్తుల చీరల షోరూమ్ ఉంది. దాన్ని పెట్టిన సీతామహాలక్ష్మి గారు తణుకు నుంచి వచ్చిన మనిషి. ఆవిడ బతికినంత కాలం ఎవరికీ చేతులు జోడించి ఎరగదు. కొనేవాళ్లకు గానీ, ఆఫీసర్లకు గానీ, ఆఖరికి వియ్యంకులకు గానీ నమస్కారం పెట్టలేదు. దేవుడికి కూడా ఒంటి చేత్తోనే కానిచ్చేదని షోరూమ్‌లో పాత గుమాస్తాలు చెప్పుకునేవారు. ఆవిడ పోయిన రెండేళ్లకు కొడుకు హనుమత్ప్రసాద్ గారికి ఒక ఆలోచన పుట్టింది. గుమ్మంలో అమ్మ బొమ్మ నిలబడాలి, వచ్చిన ప్రతి మనిషికీ నమస్కారం పెట్టాలి. ధూల్‌పేటలో వినాయకుళ్లు చేసే ఆయనకు ఫొటో ఇచ్చారు. ముఖం అచ్చు ఆవిడదే దిగింది గానీ, చేతి అలవాటు కొద్దీ బొజ్జ కాస్త ముందుకొచ్చింది. పట్టుచీర కట్టి సర్దేశారు.

బొమ్మను ఆడించే పని బుచ్చిబాబు ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, రాజనర్సయ్యను పక్కకు పిలిచాడు. "చూడండి రాజనర్సయ్య గారూ. ఈ బొమ్మ నెల రోజులు పేచీ పెట్టకుండా ఆడిందా, మీ బోర్డు జోలికి రాను. మన ప్యానెల్‌లో తప్పని తేలిందా, ఒకటో తారీఖుకల్లా బోర్డు స్క్రాప్‌కి, మీరు ఇంటికి."

రాజనర్సయ్య ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేశాడు. గుమ్మంలోకి మనిషి రాగానే సెన్సర్ కనిపెడుతుంది. కంప్యూటర్ మాడ్యూల్‌లో నాలుగో నంబరు తొవ్వ తెరుస్తుంది. రిలే టక్కుమంటుంది, బొమ్మ చేతిలో మోటారు ఒక్క చుట్టు తిరుగుతుంది, అరచేతులు కలిసి విడిపోతాయి. ప్రతి వైరుకూ ఫ్యూజు, ప్రతి కాయిల్‌కూ డయోడు. అన్నిటికీ మించి, కంప్యూటర్‌తో సంబంధం లేకుండా ప్లస్‌నే తెగ్గొట్టే ఎర్ర బటన్ ఒకటి గుమ్మం పక్క స్తంభానికి బిగించాడు. మర్నాడు పూల కుర్రవాళ్లు స్తంభానికి బంతిపూల దండలు చుట్టినప్పుడు ఆ బటన్ వాటి కింద మరుగున పడిపోయింది.

కంప్యూటరూ రిలేలూ ఉన్న ఇనుప ప్యానెల్ పెట్టెను స్తంభం వెనక దాచారు. రాజనర్సయ్య భార్య భూలక్ష్మికి ఈ పనంటే భయం. బాలానగర్ తర్వాత ఆయన నిజమైన మిషన్ మీద చెయ్యి వేయడం ఇదే మొదలు. అందుకని రైతుబజార్ నుంచి మంచి నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు తెచ్చి దిష్టికి కట్టింది. దారం పుటుక్కున తెగుతుందని, ఇంట్లో డబ్బా నిండా ఉన్న ఆ రాగి ముక్కలను మెలేసి, దాంతో గుచ్చింది. గాజు తలుపుకు కడితే మరక పడుతుందని షోరూమ్ వాళ్లు ఒప్పుకోలేదు. సరే, ప్యానెల్ తలుపుకే లోపలి వైపు ఎర్త్ వైరు బిగించిన బోల్టు ఉంది కదా, దానికే తగిలించి దండం పెట్టుకున్నాడు రాజనర్సయ్య. పందొమ్మిదేళ్లు పిల్లలను తిట్టిన మనిషి చేసిన పని ఇది.

మూడు రోజులు బొమ్మ బుద్ధిగా ఉంది. నాలుగో రోజు పొద్దున షట్టర్ ఎత్తి కరెంటు వేయగానే సీతామహాలక్ష్మి గారు నమస్కారం మొదలుపెట్టి ఇక ఆపలేదు.

ఎదురుగా ఎవరూ లేకపోయినా పెట్టింది. ఆటోలకు పెట్టింది, చెత్త బండికి పెట్టింది, మెట్రో స్తంభానికి పెట్టింది. సిగ్నల్ దగ్గర కానిస్టేబుల్ మర్యాదస్తుడు, పెట్టినప్పుడల్లా తిరిగి పెడుతూ, ట్రాఫిక్ వదిలేసి, పదింటికల్లా భుజాలు పట్టేసి నీడకు వెళ్లి కూర్చున్నాడు. పదిహేనేళ్ల కింద ఆవిడ చేత గెంటించుకున్న టైలర్ బుల్లబ్బాయి, ఈ సంగతి విని ఖైరతాబాద్ నుంచి నడుచుకుంటూ వచ్చి, నలభై నమస్కారాలు లెక్కపెట్టి పుచ్చుకుని, ఇక చాల్లెండమ్మా అని కళ్లు తుడుచుకుని వెళ్లాడు. మధ్యాహ్నానికి ఆవిడ తిట్టిన వాళ్లంతా లైను కట్టారు. లైను ఫ్లైఓవర్ కింద దాకా పోయింది.

రాజనర్సయ్య పరుగెత్తుకుని వచ్చి ప్యానెల్ తలుపు తీశాడు. బొమ్మ చేతులు టక్కున ఆగాయి. లోపల ప్రతి స్క్రూ బిగించి చూశాడు, మీటరు పెట్టి చూశాడు, అంతా సవ్యంగా ఉంది. తలుపు మూశాడు. నమస్కారం మళ్లీ మొదలైంది. తీస్తే ఆగడం, మూస్తే మొదలు. ఇలా ఆరుసార్లు. పరాయివాళ్లు లోపలికి తొంగిచూస్తే పెద్దావిడకు ఇబ్బందిగా ఉందేమోనని లైన్లో ఎవరో అన్నారు. వెనకే వచ్చిన బుచ్చిబాబు ల్యాప్‌టాప్ తగిలించి, తలుపు మూసి చూస్తే, బొమ్మ ఆడుతూనే ఉంది, తెర మీద మాత్రం నాలుగో నంబరు ఆఫ్. తెర మీద దాని దీపం కూడా ఆఫే.

హనుమత్ప్రసాద్ గారు ఆ తెరను చాలాసేపు చూశారు. కంప్యూటర్ వద్దంటున్నా ఆగట్లేదంటే ఇది మిషన్ కాదు, అమ్మే, అని తేల్చేశారు. బతికుండగా నాన్నగారు వద్దన్నా ఆగేది కాదట. శుక్రవారం పూజ పెట్టించడానికి అప్పటికప్పుడు పంతులుగారికి ఫోన్ చేశారు.

హనుమత్ప్రసాద్ గారి ఇంటికీ కబురు చేరింది. విన్నది ఆయన భార్య దుర్గాంబ గారు. శ్రీనగర్ కాలనీ నుంచి కారులో వచ్చి, లైన్లో అందరితో పాటు నిలబడి, తన వంతు రాగానే అత్తగారి ఎదుట ఆగిపోయింది. ఆవిడ ఆ ఇంటికి కోడలై ముప్పై ఏళ్లు. ముప్పై ఏళ్లలో కాఫీ బాగుందన్న మాట కూడా వినలేదు. ఇప్పుడు ఆ రెండు చేతులూ తన ముందు కలుస్తున్నాయి, విడిపోతున్నాయి, మళ్లీ కలుస్తున్నాయి. ఆవిడ బొమ్మ ముంజేయి మీద మెల్లగా చెయ్యి వేసి, వెచ్చగా ఉంది అంది. ఆగకుండా తిరిగి మోటారు కాగిపోతోంది, అదీ వెచ్చదనం. కానీ ఆ ముఖం చూసి రాజనర్సయ్య ఆ మాట పక్కన పెట్టి, మీటరు సంచీలో వేసుకున్నాడు. ఈవిడను ఎవరూ ఆపడానికి వీల్లేదని దుర్గాంబ గారు కుర్చీ తెప్పించుకుని అక్కడే కూర్చుంది.

మర్నాడు రాజనర్సయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి తలుపు పూర్తిగా తీయకుండా, వేలు పట్టేంత సందు వదిలి, ఫోన్ లైటు వేసి, నేల మీద పడుకుని కింద నుంచి చూశాడు. ఎండిన నిమ్మకాయ వాసన వచ్చింది. నాలుగు రోజుల్లో కాయ ముడుచుకుపోయి, మిరపకాయలు వడలిపోయి, దండ వేలెడు కిందికి జారింది. దాని రాగి తోక కొస నాలుగో నంబరు స్క్రూ మీద వాలి ఉంది. బోల్టు నుంచి తీగ, తీగ నుంచి స్క్రూ. మైనస్‌కు తొవ్వ తెరుసుకుంది. తలుపు తీస్తే దండ తలుపుతో పాటు వెళ్లిపోతుంది, మూస్తే వచ్చి వాలుతుంది. ఆరుసార్లు తీసిన తలుపుకు కళ్లెదుటే వేలాడుతోంది, అయినా కనబడలేదు. నిన్న బుచ్చిబాబు కూడా చూశాడు, చూసి కళ్లకద్దుకుని పక్కకు జరిపాడు. దిష్టి నిమ్మకాయను సర్క్యూట్‌లో ఎవడు లెక్కేస్తాడు?

రాజనర్సయ్య లేచి కూర్చున్నాడు. తన వేళ్లు తిన్న తప్పే ఇది. తానే, తన చేత్తో, దండం పెట్టుకుని మరీ చేశాడు.

బుచ్చిబాబును పిలిచి చూపించాడు. ఆయన వంగి చూసి, లేచి నిలబడి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "తలుపు మూసేయండి. మీరేం చూడలేదు, నేనేం చూడలేదు. ఇది అమ్మ మహిమ అయినంత కాలం మన ప్యానెల్‌లో తప్పు లేనట్టే. మీ బోర్డు మీకుంటుంది."

నిజమే కదా. ఒక్క తలుపు మూస్తే చాలు. బోర్డు ఉంటుంది, పని ఉంటుంది, దుర్గాంబ గారికి అత్తగారి దణ్ణం ఉంటుంది, ఎవరికీ నష్టం లేదు. రాజనర్సయ్య తలుపు మూశాడు. నమస్కారం మొదలైంది. సంచీ భుజాన వేసుకుని, తల వంచుకుని, గుమ్మం దాటాడు. సిగ్గనిపించింది. పందొమ్మిదేళ్ల పాఠం ఒక్క నిమిషంలో మింగేశానని తనను తానే తిట్టుకున్నాడు. అయినా నడిచాడు.

మెట్ల మీద ఒకావిడ ఎదురైంది, చంకలో ఏడాది పిల్ల. దీవించమ్మా అంటూ ఆ పిల్లను బొమ్మ దగ్గరికి ఎత్తింది. పిల్ల నవ్వుతూ, విడివడిన అరచేతుల మధ్యలోకి చెయ్యి చాపింది.

రాజనర్సయ్య ఎలా తిరిగాడో ఆయనకే తెలియదు. సంచీ ఎక్కడో పడింది. ఎడమ చెయ్యి బంతిపూలలోకి దూసుకుపోయి ఎర్ర బటన్‌ను గుద్దింది. దండ తెగి పూలు నేలంతా దొర్లాయి. అరచేతులు పిల్ల వేళ్లకు అంగుళం ఎడంలో ఆగిపోయాయి. తల్లికి ఏం జరగబోయిందో అర్థం కాలేదు గానీ, పిల్లను మాత్రం గుండెకు అదుముకుంది.

దుర్గాంబ గారు కుర్చీలోంచి లేచింది. "మా అత్తగారిని ఎందుకు ఆపారు?"

రాజనర్సయ్య ప్యానెల్ తలుపు బార్లా తీశాడు. బోల్టుకు వేలాడుతున్న దండను తెంపి అరచేతిలో పెట్టుకుని చూపించాడు. బుచ్చిబాబు వెనక నుంచి దగ్గుతూనే ఉన్నాడు.

"అత్తగారు కాదమ్మా. గిది మా ఇంటామె కట్టిన నిమ్మకాయ. తీగ నాది. ఆడ తగిలిచ్చింది సుత నేనే. నాలుగో నంబర్‌కు తాకి నడుస్తుండె. పొద్దుగాలనే చూసిన. చూసి సుత తలుపు మూసిన. తప్పు నాది."

హనుమత్ప్రసాద్ గారు పంతులుగారికి ఇంకో ఫోన్ చేయాలా వద్దా అన్నట్టు ఫోన్ పట్టుకుని నిలబడ్డారు. బుచ్చిబాబు ఇక దగ్గడం మానేసి, ఒకటో తారీఖు అన్న మాట మాత్రం అందరికీ వినబడేలా అన్నాడు. రాజనర్సయ్య తలూపాడు. ఆయన కళ్లు పిల్ల చేతి మీదే ఉన్నాయి. అయిదు వేళ్లూ ఉన్నాయి.

దుర్గాంబ గారు నిమ్మకాయను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. "అంటే ముప్పై ఏళ్లకు మా అత్తగారు నాకు పెట్టిన దణ్ణం ఇదన్నమాట."

"అవునమ్మా."

ఆవిడ ముఖం ముందు చిన్నబోయింది. తర్వాత నవ్వు మొదలై, కొంగు నోటికడ్డం పెట్టుకున్నా ఆగక, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. అనుకుంటూనే ఉన్నానని, ఆవిడ పెట్టడమేంటని, నవ్వుతూనే అంది. నవ్వు తగ్గాక రాజనర్సయ్య వైపు తిరిగింది. "నేను కూర్చునే కౌంటరు దగ్గర ఒక బటన్ పెట్టండి. నేను నొక్కితేనే, నా ఒక్కదానికే పెట్టాలి. పిల్లల చేతులు అందకుండా అద్దం కూడా కట్టండి. చూడండి బుచ్చిబాబు గారూ, ఆ పని ఈయనే చెయ్యాలి. తన నిమ్మకాయ తనదని ఒప్పుకున్న మనిషి ఇక్కడ ఈయనొక్కడే."

బటన్ తయారు చేయాలంటే ల్యాబ్ కావాలి, ల్యాబ్ అంటే బోర్డు కావాలి. బుచ్చిబాబు ఒకటో తారీఖును పదిహేనుకు జరిపాడు, ఆ తర్వాత జరపడం కూడా మర్చిపోయాడు. ఇంటి దగ్గర భూలక్ష్మికి అంతా చెబితే ఆమె నింపాదిగా విని, పని పోలేదు కదా, అయితే నిమ్మకాయ పని చేసినట్టే అంది. ఇకముందు నల్లదారంతోనే కట్టమని ఆయన చేతులు పట్టుకుని బతిమాలుకున్నాడు.

బటన్ పెట్టిన మొదటి రోజు దుర్గాంబ గారు పందొమ్మిదిసార్లు నొక్కిందని గుమాస్తాలు చెప్పారు. రెండో రోజు ఆరు. మూడో రోజు షాపు మూసే ముందు ఒక్కటి. వారం తర్వాత రాజనర్సయ్య చెకింగుకు వెళితే బటన్ మీద సన్నగా దుమ్ము పట్టి ఉంది. ప్యానెల్ తీసి చూశాడు. దీపం ఆఫ్. అయినా నమ్మకుండా మీటరు పెట్టి చూశాడు. నిజంగానే ఆఫ్. కౌంటరు దగ్గరికి వచ్చి, బటన్ పని చేస్తలేదా అమ్మా అని అడిగాడు.

"చేస్తోందయ్యా. నేనే నొక్కట్లేదు." దుర్గాంబ గారు గుమ్మం వైపు చూసింది. "ఎన్నిసార్లని పెడుతుంది, పెద్దావిడ. చేతులు నొప్పి పుట్టవూ."

అని, లేచి వెళ్లి, అత్తగారి భుజం మీద జారిన కొంగు సర్దింది.